ఆతే పెట్టిన పులుసు

చేప వాసన ఎలా ఉంటుందో నలభై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. అది తెలియకపోవడాన్ని గొప్పగా చెప్పుకునే ఇంట్లో పుట్టాను, అలాంటి ఇంటికే కోడలిగా వెళ్ళాను. తెనాలి వైపు మా వాళ్ళంతా చేపనీ, మాంసాన్నీ, గుడ్డునీ కలిపి నీచు అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. వీధిలో ఎవరింట్లోనైనా ఏదైనా ఉడుకుతుంటే ముక్కు మూసుకుని నడవడమే తప్ప, ఏది ఏ వాసనో విడదీసి చెప్పగలిగినవాళ్ళు మాలో లేరు. తెలియనిదాని మీద తీర్పు చెప్పడానికి మాత్రం ఎవరూ వెనకాడరు. నేనైతే అసలే వెనకాడను. ఆ ముక్కుని నమ్ముకుని ఒక మనిషికి నేను చేసిన అన్యాయం గురించి ఇది.

మేం దోహాలో, అల్ అజీజియా అనే పేటలో ఉంటాం. పెద్ద విల్లాని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చారు, అందులో వెనక వాటా మాది. మా ఆయన లుసైల్ అనే పక్క ఊళ్ళో ఇంజనీరు. నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. పొద్దున్న ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. పాపకి ఏడాది నిండి, నా సెలవులన్నీ అయిపోయాక, ఏజెన్సీ ద్వారా ఫిలిప్పీన్స్ నుంచి ఒకావిడని పనికి తెచ్చుకున్నాం. ముప్పై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ జుట్టు బిగించి ముడేసుకుని ఉండేది. తన కొడుకుని తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాళ్ళ భాషలో అక్కని ఆతే అంటారట. మాటలు వచ్చీరాగానే పాప ఆ పిలుపు పట్టుకుంది. పాప వెనకాలే మేమూ ఆతే అనడం మొదలుపెట్టాం.

వచ్చిన రోజే మా నియమం చెప్పాను. ఈ ఇంటి గడప నీచు దాటకూడదు. శుక్రవారం నీ సెలవు, నీ స్నేహితుల దగ్గరికి వెళ్ళి ఏం కావాలంటే అది తిను, ఇక్కడ మాత్రం పప్పూ కూరా పెరుగే. ఆమె తలూపింది. చేపలు తింటూ సముద్రం ఒడ్డున పెరిగిన మనిషికి ఆ తలూపడం ఎంత కష్టమో నేను ఆలోచించలేదు. అక్కరలేని విషయాలు ఆలోచించే తీరిక నాకెక్కడిది.

పాపకి రెండో ఏట అన్నం అంటే విసుగొచ్చింది. పప్పు వద్దు, నెయ్యి వద్దు, చారన్నం అసలే వద్దు. ముద్ద బుగ్గన పెట్టుకుని గంట కూర్చునేది. అప్పుడు ఒకరోజు ఆతే నన్నడిగి నా డబ్బాలోంచి చింతపండు తీసుకుని, వాళ్ళ ఊరి పులుసు చేసింది. దాన్ని సినిగాంగ్ అంటారని చెప్పింది. ముల్లంగి, బెండకాయ, చామదుంప, అలసంద కాయలు, దింపే ముందు గుప్పెడు తూటికూర. పోపు లేదు, కారం లేదు, బెల్లం లేదు. వాళ్ళ దగ్గర చేపో రొయ్యో వేస్తారట, మీ ఇంట్లో కాబట్టి కూరగాయలతోనే చేశానంది. పోపు పెట్టకపోతే అది పులుసెలా అవుతుంది, ఇంకా పెళ్ళికూతుర్ని చెయ్యని పిల్లలా ఉందని వేళాకోళం చేశాను. ఆమె నవ్వింది. పాప మాత్రం ఆ పులుసు పోసిన అన్నం రెండుసార్లు పెట్టించుకు తింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు అదే వంట. నేను చేసిన ముక్కల పులుసుని ముట్టుకోని పిల్ల, దీన్ని గిన్నె ఎత్తి తాగేది.

నేను మాత్రం ఒక్కసారి కూడా రుచి చూడలేదు. నియమం వల్ల కాదు, పంతం వల్ల. ఈ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి. మధ్యాహ్నం మూడున్నరకి నేను ఇంటికొచ్చేసరికి, పాప ఆతే ఒళ్ళో కూర్చుని, కళ్ళు సగం మూసుకుని ముద్దలు తింటూ ఉండేది. నన్ను చూసి ఒళ్ళోంచి దిగేది కాదు. నీ దగ్గర మందుల వాసన, స్నానం చేసి రా అనేది. స్నానం చేసి వచ్చేసరికి నిద్రపోయి ఉండేది. నా కడుపు మండిపోయేది. పిల్లని బాగా చూసుకోమని జీతం ఇచ్చి తెచ్చుకున్న మనిషి నిజంగానే బాగా చూసుకుంటే కడుపు మండటం ఏమిటి? అదే జరిగింది. ఐదేళ్ళ పాటు జరిగింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, వాషింగ్ మెషీన్ ఉన్న చిన్న గదిలో సబ్బుపొడి డబ్బా వెనక ఒక సీసా కనిపించింది. మూడు వంతులు ఖాళీ. అడుగున గోధుమరంగు నీళ్ళు. పైన కాగితం మీద చేప బొమ్మ. మూత తీసి వాసన చూశాను. ఉప్పూ, ఏదో కుళ్ళిందీ కలిసినట్టున్న వాసన కళ్ళలోకి ఎక్కింది. ఆ రోజు పొయ్యి మీద పులుసు ఉంది. ఇల్లంతా దాని పులుపు వాసన. ఆ క్షణాన నా ముక్కుకి రెండూ ఒకటే అనిపించాయి. సీసాలో ఉన్నదే గిన్నెలో ఉందని తేల్చేశాను. పిల్ల దీనికే మరిగింది, అందుకే నా వంట దానికి రుచించడం లేదు అనుకున్నాను. అలా అనుకోగానే, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది.

ఆతేని పిలిచి సీసా చూపించాను. ఆమె మొహం పాలిపోయింది. తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది. గడప దాటకూడదని చెప్పినదాన్ని లోపలికి తేవడం తప్పేనని ముందే ఒప్పుకుంది. ఒక్కోసారి అన్నం సహించక, వెనక మెట్ల మీద కూర్చుని, తన కంచంలో రెండు చుక్కలు కలుపుకుంటానంది. ఇంట్లో ఏ గిన్నెలోనూ వెయ్యలేదంది.

"పాపకి ఎప్పుడూ పెట్టలేదు మేడమ్. పులుసు అక్కడే ఉంది. ఒక్క చెంచా రుచి చూడండి, మీకే తెలుస్తుంది."

నేను రుచి చూడలేదు. దాంట్లో నిజంగా చేప ఉంటే? చూసిన పాపానికి నా నోరు కూడా మైలపడదా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మా వాళ్ళయితే ఆ గ్లాసులోకి తొంగి చూడను కూడా చూడరు. రక్తం చుక్క యంత్రంలో పెట్టకుండా ఒక్క రిపోర్టు మీద సంతకం చెయ్యని దాన్ని, నా ఇంట్లో నా కళ్ళెదుట ఉన్న గిన్నెని పరీక్షించకుండా సింకులో పారబోశాను. చామదుంప ముక్కలు సింకు కన్నంలో ఇరుక్కుంటే చెంచాతో పొడిచి లోపలికి తోశాను. ఐదేళ్ళు నా కూతురికి నీచు తినిపించావు, నన్ను వెర్రిదాన్ని చేశావు అని అరిచాను.

మా ఆయన సాయంత్రం వచ్చి అంతా విన్నారు. "ఆవిడ వెయ్యలేదంటోంది కదా, ఒకసారి ఆలోచించు" అన్నారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను, ఇంక ఆలోచించడానికేముంది అన్నాను. ఆ రోజుల్లో మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. పులుసులో పడ్డదేదో పడింది, పసిదానికి దోషం ఏమిటమ్మా, ఆ పిల్లని ఉండనీ అన్నది ఆవిడే. అత్తగారు కర్కశంగా ఉంటే తప్పు సగం ఆవిడ మీదకి నెట్టేసేదాన్ని. ఆ వీలు కూడా నాకు లేదు.

ఆతే ఒక్కటే అడిగింది. వేరే ఇంట్లో పని వెతుక్కుంటాను, ఒక నెల గడువివ్వండి, కాగితాలు మార్చుకుంటాను అంది. ఇక్కడ అలా మారడానికి వీలుంది. కానీ అజీజియాలోనే ఎవరింట్లోనో చేరితే? పార్కులో పాప ఆమెని చూసి పరిగెత్తితే? ఆ ఊహకే నాకు ఒళ్ళు మండింది. మా ఆయన వెనకాలపడి వీసా రద్దు చేయించి టికెట్ కొనిపించాను. పది రోజుల్లో ఆమె వెళ్ళిపోయింది. పాప స్కూల్లో ఉండగా పంపించాం. వెళ్ళేముందు పాప యూనిఫాంలు అన్నీ ఇస్త్రీ చేసి, వారానికి సరిపడా మడతలు పెట్టి వెళ్ళింది.

ఆతే వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఊరెళ్ళింది అని పాపకి చెప్పాం. ఎప్పుడొస్తుందని రోజూ అడిగింది. ఒక నెలకి అడగడం మానేసింది. దాంతోపాటు తినడమూ మానేసింది.

మానెయ్యడం అంటే మారాం చెయ్యడం కాదు. మారాం చేస్తే బాగుండేది. కంచం ముందు బుద్ధిగా కూర్చునేది. నాలుగు ముద్దలు తిని, చాలమ్మా అనేది. ఐదో ముద్ద పెడితే నోరు తెరిచేది గానీ మింగేది కాదు. ఏడేళ్ళ పిల్లకి ఐదేళ్ళ పిల్ల గౌను సరిపోవడం మొదలైంది. టీచరు రెండుసార్లు పిలిపించింది. డాక్టరు అన్ని పరీక్షలూ రాశాడు. నా ల్యాబ్‌లో, నా చేతులతోనే, దాని రక్తం పరీక్షించాను. రక్తం తగ్గింది తప్ప వేరే ఏ రోగమూ లేదు. దేనికైనా బెంగ పెట్టుకుందా అని డాక్టరు అడిగితే లేదన్నాను.

అప్పుడు ఆ పులుసు నేనే చేద్దామనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనిషి నైజం. ముల్లంగి, బెండకాయ, చామదుంప, చింతపండు అన్నీ అవే. రుచి తెలియని వంట ఎలా కుదురుతుంది? మొదటిసారి మరీ పుల్లగా వచ్చింది. రెండోసారి నీళ్ళ నీళ్ళగా వచ్చింది. ఐదుసార్లు చేశాను. ఐదుసార్లూ పాప ఒక్క చెంచా తీసుకుని, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లిగా, ఇది కాదమ్మా అంది.

ఐదోసారి నాకు అనిపించింది. లేనిదేదో నాకు తెలుసు. ఆ సీసా. చేపనీళ్ళు లేకుండా ఆ రుచి రాదు. పిల్ల ఎండిపోతోంది, నాకింక ఏ నియమమూ వద్దనిపించింది. నలభై ఏళ్ళ నిష్ఠని ఒక్కరోజులో వదిలేశాను. ముందు ఫిలిప్పీన్స్ వాళ్ళ హోటల్లో అసలైన సినిగాంగ్ తినిపిస్తాను, తింటే ఆ సీసా నేనే కొని తెచ్చి నా వంటింట్లో పెడతాను అనుకున్నాను. నేనెంత త్యాగం చేస్తున్నానో అని నా మీద నాకే జాలేసింది కూడా. ఇంట్లో మాల్‌కి వెళ్తున్నామని చెప్పి, ఒక శుక్రవారం మధ్యాహ్నం పాపని తీసుకుని బయల్దేరాను.

మా వీధికి నాలుగు వీధుల అవతల, లాండ్రీకీ సెలూన్‌కీ మధ్యన ఉంది ఆ హోటల్. ఆరు బల్లలు. ఒక గాజు అల్మరాలో స్టీలు ట్రేలు, కావలసినదాన్ని వేలితో చూపిస్తే వడ్డిస్తారు. శుక్రవారం కదా, అందరూ సెలవు మనుషులే. నర్సులు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళూ మా ఆతే శుక్రవారాలు ఇలాంటి బల్లల దగ్గరే గడిచి ఉంటాయి. ఎక్కడికి వెళ్తావని ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తలుపు తియ్యగానే వాసన మొహానికి కొట్టింది. చీర కొంగు అడ్డం పెట్టుకోబోయి, చుడీదార్‌లో ఉన్నానని గుర్తొచ్చి ఆగాను.

కౌంటర్లో యాభై ఏళ్ళావిడ, నెత్తికి వల టోపీ. నన్ను చూసి హిందీలో క్యా చాహియే అంది. సినిగాంగ్ కావాలన్నాను. రొయ్యలదా, చేపదా, బీఫ్‌దా అని అడిగింది. ముక్కలొద్దు, కూరగాయలూ పులుసూ మాత్రం పొయ్యమన్నాను. ఆవిడ నా బొట్టు వైపు చూసి, మీరు వెజిటేరియన్లు కదా, పులుసులో చేప సాస్ ఉంటుంది, అది లేకుండా మా దగ్గర లేదు అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పింది. వద్దనడానికి అదొక అవకాశం. పర్వాలేదన్నాను.

గిన్నె వచ్చింది. పైన తూటికూర, లోపల ముల్లంగి చక్రాలు, పక్కన అన్నం ముద్ద. పాప దాన్ని చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఎన్నో నెలల తర్వాత దాని మొహం విప్పారింది. కుర్చీలో మోకాళ్ళ మీద లేచి నిలబడింది.

"అమ్మా, ఆతే పులుసు!"

నా గుండె నిండిపోయింది. చెంచా దాని చేతికిచ్చాను. ఊదుకుని, ఆత్రంగా నోట్లో పోసుకుంది. మరుక్షణం మొహం ముడుచుకుపోయింది. మింగలేక కక్కలేక నా వైపు చూసింది. వేడి తగిలిందేమో అనుకున్నాను. నీళ్ళు తాగించి, ఇంకొక్క చెంచా తల్లీ, నీకిష్టమైనదే కదా అన్నాను. నా కోసం తాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఆగలేక కాగితంలోకి ఉమ్మేసింది.

"ఇది పాడైపోయిందమ్మా. ఏదో వాసనొస్తోంది. ఆతే దాంట్లో ఇలా ఉండదు."

కౌంటర్ దగ్గర ఆవిడ చూసి కంగారుగా వచ్చింది. తన వంట చెడిపోయిందన్నారని భయం. వేరే చెంచాతో గిన్నెలోది తీసుకుని రుచి చూసింది. బాగానే ఉంది, పొద్దున్నే చేశాను అంది. ఆ తర్వాత పాప మొహం చూసి, తల నిమిరి, నాతో అంది.

"ఇది చేప సాస్ రుచి. అలవాటు లేనివాళ్ళకి ఇలాగే ఉంటుంది. పాపకి ఇదే మొదటిసారా?"

మొదటిసారే. ఐదేళ్ళు రోజు విడిచి రోజు తిన్నదని నేను తేల్చిన రుచిని నా కూతురు పాడైపోయిందని ఉమ్మేసింది. ఇంకే సాక్ష్యం కావాలి? చెంచా తీసుకుని నేనూ ఒక గుక్క తాగాను. సీసా మూత తీసినప్పటి వాసనే నోటినిండా పాకింది. ఆ వాసన మా వంటింట్లో, మా గిన్నెల్లో, పాప చేతుల మీద, ఐదేళ్ళలో ఒక్కనాడు లేదు. ఆతే నిజమే చెప్పింది. ఆవేళ ఇంట్లో ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఉంటే అరనిమిషంలో తేలిపోయే విషయం. ఒక్క చెంచా ముంచనందుకు ఒక మనిషి బతుకుతెరువు తీసేశాను. ఆ బల్ల దగ్గర, అంతమంది పనివాళ్ళ మధ్య, ఏడుపొస్తే ఆపుకోలేదు. పాప నా మోచెయ్యి పట్టుకుని, పర్వాలేదమ్మా, అన్నం తింటాలే అంది. వట్టి అన్నం రెండు చెంచాలు తింది కూడా.

ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. చేప లేకుండా ఎలా చేస్తారని అడిగాను. బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పొయ్యాలి, ఉప్పు వెయ్యాలి, చామదుంప కరిగేదాకా ఉడికించాలి, అప్పుడు చిక్కదనమూ కమ్మదనమూ వస్తాయని చెప్పింది. వంటింట్లో ఒక మూలన ఆతే మూతపెట్టి ఉంచే తెల్లనీళ్ళ గిన్నె నాకు తెలుసు. మురికినీళ్ళనుకుని ఎన్నోసార్లు పారబోశాను. మా అమ్మమ్మ చింతపండు నానబెట్టేది కూడా బియ్యం కడుగులోనే. అది తెలిసీ నాకు తట్టలేదు.

ఫోన్లో ఆతే ఫొటో చూపించాను. పాత నంబరు పనిచెయ్యడం లేదని చెప్పాను. ఆవిడ ఫొటో చూసి గుర్తుపట్టింది. మూల బల్ల దగ్గర కూర్చునేదట, ఎప్పుడూ మీ పాప ఫొటోలు చూపించేదంది. అప్పుడామెకి నేనెవరో అర్థమైంది. గొంతు మారింది. ఎందుకు నంబరు అంది. క్షమాపణ చెప్పాలన్నాను. ముందు తనని అడుగుతాను, ఇవ్వమంటేనే ఇస్తానంది. లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు బియ్యం కడిగిన నీళ్ళతో పులుసు పెట్టాను. ఈసారి నేను రుచి చూశాను. చేప లేదు, పోపు లేదు, కమ్మగా, పుల్లగా, ఒంటికి పట్టేలా ఉంది. ఐదేళ్ళు నా ఇంట్లో ఉడికిన వంటని అప్పుడు మొదటిసారి తిన్నాను. పాపకి గిన్నెలో పోసి ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, తలెత్తి నన్ను చూసింది.

"ఆతే వచ్చిందా?"

నేను జవాబు చెప్పేలోపే కుర్చీ దిగి పరిగెత్తింది. వాషింగ్ మెషీన్ గదిలో చూసింది. వెనక తలుపు తీసి మెట్ల మీద చూసింది. ఆతే పడుకునే గది తలుపు తోసింది. అక్కడ ఇప్పుడు సూట్‌కేసులు పెట్టుకున్నాం. తిరిగొచ్చి కూర్చుని, గిన్నెని మెల్లిగా నా వైపు జరిపింది. నువ్వు చేశావా అంది. అవునన్నాను. బాగుందమ్మా అంది. ఆ రోజు నుంచి నాలుగు ముద్దలు కాస్తా రెండయ్యాయి.

మూడు వారాల తర్వాత హోటలావిడ నంబరు పంపింది. ఫోన్ చెయ్యొద్దంది, మెసేజీ మాత్రం పెట్టమంది, అని రాసింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అనలేదు. రెండు రోజులు కూర్చుని రాశాను. సీసా గురించి, గిన్నె గురించి, హోటల్లో పాప ఉమ్మెయ్యడం గురించి, నాది పూర్తిగా తప్పని రాశాను. మళ్ళీ వీసా తీస్తాం, వస్తావా అని అడిగాను. పాప తినడం లేదన్న మాట మాత్రం రాయలేదు. ఎన్నిసార్లు రాసినా, ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయేది. పంపించాను. చదివినట్టు గుర్తు పడింది. తొమ్మిది రోజులు జవాబు లేదు.

పదో రోజు ల్యాబ్‌లో ఉండగా వచ్చింది. రెండే వాక్యాలు.

"మీ ఇంటికి నేను రాను మేడమ్. ఒక్కటి చెప్పండి, పాప అన్నం తింటోందా?"

ఆమె నా క్షమాపణ గురించి ఒక్క మాట రాయలేదు. తన ఉద్యోగం గురించీ రాయలేదు. నిజం రాస్తే? తినడం లేదు, నువ్వెళ్ళాక చిక్కి సగమైంది, ఒక్కసారి దానితో ఫోన్లో మాట్లాడు అని రాస్తే? మాట్లాడేది. నా మీద ఎంత కోపమున్నా పాపతో మాట్లాడేది. అది నాకు అప్పుడూ తెలుసు. కానీ ఆ మాట రాయడమంటే, నా కూతురికి నేను సరిపోలేదు, నువ్వే కావాలి అని నా చేత్తో నేను రాసివ్వడం. ఇంత జరిగాక, పిల్ల చేతులు పుల్లల్లా అయ్యాక కూడా, అది నా వల్ల కాలేదు.

తింటోంది, బాగానే తింటోంది అని రాశాను.

చదివింది. ఆ తర్వాత ఆమె ఫొటో కనిపించడం మానేసింది. సాయంత్రం, తినడం లేదు, అబద్ధం చెప్పాను అని రాసి పంపాను. నా నంబరు ఆపేసినట్టుంది, అది ఆమెకి చేరలేదు. ఎన్నిసార్లు పంపినా చేరడం లేదు. హోటల్‌కి వెళ్ళి అడిగితే, పాప బాగుందని తెలిసింది, ఇంక తనకి మీతో పని లేదంది అని ఆవిడ చెప్పింది.